ఫ్యాన్ ఆపిన గది

అట్ట వెనక సన్నటి అక్షరాల్లో
మాట తనదే, వరస తనదే,
గొంతూ గిటారూ తనవే,
రికార్డు చేసిందీ తనే.
ఎనిమిది పాటలు, ఒకటే పేరు, నలభైసార్లు.
లెక్కపెట్టాను. ల్యాబులో రాత్రి డ్యూటీ,
రక్తం గొట్టాలు గిర్రున తిరుగుతున్నంతసేపూ
ఇంకేం పని?

నిన్న టీవీలో చూశాను.
సువర్చల ముదురు పచ్చ చీర కట్టింది.
వాళ్ళిచ్చిన ఆ బరువైనదాన్ని
బిందె మోసినట్టు నడుం మీద ఆనించుకుంది.
జడ్జీల్లో ఒకాయన అన్నాడు,
ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా గొప్పది
మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దం అని.

ఆ నిశ్శబ్దం అడ్రసు నాకు తెలుసు.
కగ్గదాసపుర, నాలుగో క్రాసు,
మూడో అంతస్తు మీద రేకుల గది.
ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు,
నీళ్ళ ట్యాంకరు డబ్బులు వేరే.

పగలు కుదిరేది కాదు.
కింద ఓనరమ్మ కుక్కరు,
పక్కన కట్టే ఇంట్లో ఇనుము కోత,
నెత్తి మీద విమానం.
ట్యాంకరు మోటారుది గంటలకొద్దీ ఒకటే మూలుగు.
విసిగి విసిగి ఒకరోజు
గిటారు తీగల్ని ఆ మూలుక్కే శృతి చేసింది.
మూడో పాట అట్లా పుట్టింది.
పేపర్లో దాన్ని ఏదో చల్లటి దేశం పద్ధతి అని రాశారు.

రాత్రి రెండింటికి, నాకు డ్యూటీ లేని రోజుల్లో,
బీరువా తలుపులు బార్లా తెరిచి
నా చీరలూ తన దుప్పట్లూ వేలాడదీసి
ఆ గుడ్డల్లోకి తల దూర్చి పాడేది.
నాకు వీపొక్కటే కనిపించేది,
దొంగతనానికి వచ్చినదానిలాగా.

"ఓబీ, ఫ్యాన్" అనేది.
ఆపేదాన్ని.
మార్చి నెల. రేకులు పగలంతా తాగిన ఎండని
తెల్లారేదాకా మా మీద కక్కేవి.
మంచం కిర్రుమంటుందని నేల మీద కూచునేదాన్ని.
దోమ వాలితే కొట్టకూడదు.
దగ్గొస్తే దిండు.
గాజులు తీసి బియ్యం డబ్బాలో దాచేదాన్ని.
అయినా ఐదో పాటలో,
కదిరి బస్సు దాటిపోయిందన్న మాట తర్వాత,
టక్కుమని చిన్న చప్పుడు.
చెవి ఒగ్గితే మీకూ వినబడుతుంది.
అది నా మోకాలు.

మళ్ళీ పాడతావా అని భయంగా అడిగాను.
హెడ్‌ఫోన్లు తియ్యకుండానే
"ఉండనీలే. ఎవరో ఉన్నట్టుంది" అంది.

అన్ని రాత్రులూ ఇష్టంగా కూచున్నానని చెప్పను.
ఒకే పాట పదిహేడుసార్లు పాడితే
పదిహేడోసారికి అది పాట కాదు, పంటినొప్పి.
ఒకసారి నోటికొచ్చినట్టు తిట్టాను కూడా,
పొద్దున్నే పనికి పోవాల్సినవాళ్ళు పడుకోవద్దా అని.
తను తిరిగి ఒక్క మాటా అనలేదు.
మైకు ఆపడం మాత్రం మర్చిపోయింది.
ఆ తిట్లు ఎక్కడో ఏదో ఫైలులో
ఇంకా తాజాగానే ఉండాలి.

స్టేజీ మీద వాళ్ళమ్మ పేరు చెప్పింది.
వాయిదాల మీద గిటారు ఇచ్చిన షాపాయన పేరు చెప్పింది.
తర్వాత నోరు తెరిచి, ఆగింది.
ఎవరి పేరు వెతుక్కుందో, అసలు వెతుక్కుందో లేదో.
టైము అయిపోయినట్టుంది,
బ్యాండువాళ్ళు మొదలుపెట్టేశారు.

ఇప్పుడు గదిలో కొత్తమ్మాయి, హాసన్ పిల్ల.
ఇవాళ పొద్దున తల దువ్వుకుంటూ
ఫోన్లో ఆ పాటలే పెట్టింది.
మొదటి తీగ మోగిందో లేదో
నేను లేచి ఫ్యాన్ ఆపేశాను.
"యాకక్కా?" అంది, దువ్వెన జుట్టులోనే వదిలేసి.

ఏం చెప్పను.
చెమట అప్పుడే ఇద్దరి మెడల మీదా.
కాసేపు ఓర్చుకో పిల్లా,
ఐదో పాట రానీ, అన్నాను.